నలభై మూడు

చీటీ తగిలింది మాకు.
ఏప్రిల్ నెల, గురువారం పొద్దున,
ఎర్రదీపం దగ్గర బస్సు ఆపినప్పుడు
జేబులో ఫోన్ ఒక్కసారి వణికింది.
డ్రైవరు సీట్లో ఫోన్ చూస్తే ఉద్యోగం ఊడుతుంది.
పదకొండు స్టాపులు మోశాను ఆ వణుకుని,
ఎక్కేవాళ్లకి గుడ్ మార్నింగ్ చెబుతూనే.

హార్ట్‌ఫర్డ్‌లో మా పిల్లల బడి
ఒక యంత్రం కడుపులోంచి వస్తుంది.
చలి మొదలయ్యాక నాలుగు బళ్ల పేర్లు రాసిస్తాం,
కలిపి, కుదిపి, బిడ్డకో అంకె తీస్తుంది.
మా కెజాయాకి సీటు.
పై వాటాలో యాడియెల్‌కి వెయిటింగ్ లిస్టులో నలభై మూడు.
రెండు ఫారాలూ ఒకే రాత్రి, మా వంటింట్లోనే నింపాం.
వాళ్లమ్మ నిల్సా వేయించి తెచ్చిన అరటికాయ ముక్కలు తింటూ
నూనె వేలితో నొక్కాను నేను.
తను మాత్రం చేతులు కడుక్కుని వచ్చి నొక్కింది.

ఐదు రోజులు గడువు.
అవునంటే ఇక్కడి బెంచీ ఇంకొకరిది.
కాదంటే మళ్లీ వరస చివర.

నది అవతల ఆ బడికి గాజు గోడలు,
చుక్కల్ని చూసే గది, చెమ్మ వాసన లేని లైబ్రరీ.
ఇక్కడ లైబ్రరీ మంగళవారమే తెరుస్తారు,
లెక్కలకి క్రిస్మస్ తర్వాత ఈవిడ మూడో టీచరు.
కానీ గోడ మీద క్యాలెండరులో
ఎవరి పన్ను ఏ రోజు ఊడిందో రాసి ఉంటుంది.
కిటికీ దగ్గర గాజు పెట్టెలో ఒక నత్త,
దానికి తిండి పెట్టడానికి వంతులు.

ఆసుపత్రిలో రాత్రంతా దుప్పట్లు మడిచొచ్చి
మార్వా బూట్లు విప్పకుండానే కూర్చుంది.
"మనలాంటి వాళ్లంతా లేచిపోతే ఆ బడి ఏమవుతుంది?" అన్నాను.
"మనలాంటి వాళ్లంతా ఎక్కడ పోతున్నారు, డెల్రాయ్?
పోదామన్నా సీట్లేవీ?"
అని, కాసేపాగి,
"నువ్వే చెప్పు, నాకు నిద్రొస్తోంది" అంది.
నిద్రపోలేదు.

ఆదివారం సెలవు. పసుపు బస్సు వెళ్లే దారిలో
ఒక్కడినే కారులో వెళ్లి చూశాను.
టైంటేబుళ్లు చెప్పే అబద్ధాలు నాకు తెలుసు,
ఇరవై ఏళ్లుగా అవి చెప్పించేది నా చేతే.
వంతెన మీద ఎండ కళ్లలో కొట్టింది.
యాభై రెండు నిమిషాలు.
ఏడేళ్ల పిల్లకి అదెంత దూరం?
దారిలో పన్ను ఊడితే
ఏ క్యాలెండరులో రాస్తారు?

సోమవారం మిస్ బ్రాత్‌వెయిట్‌ని అడిగాను.
వద్దంటుందనే అడిగాను,
ఆ మాట దాచుకోవడం దేనికి.
కాగితాలకి పిన్నులు కొడుతోంది ఆవిడ.
"తీసుకోండి, మిస్టర్ పిన్నక్" అంది, తల ఎత్తకుండా.
తర్వాత నాలుగు పిన్నులు కొట్టింది.
ఒకటి వంకరపోతే గోటితో పీకి
మళ్లీ కొట్టింది.

మంగళవారం రాత్రి పదకొండు నలభై.
మార్వా ఆసుపత్రి మెట్ల కింద నుంచి ఫోన్లో,
నేను డిపోలో, దీపాలార్పిన నా బస్సులో.
"నొక్కు" అంది.
"నువ్వూ అన్నట్టేనా?"
"ఇద్దరం అన్నట్టే. నొక్కు."
ఈసారి వేళ్లు శుభ్రంగానే ఉన్నాయి.
అవును, అని నొక్కాను.
తెర మీద ఒక చక్రం తిరిగి తిరిగి
ధన్యవాదాలు అంది.
అంతే.

బుధవారం రోజూలాగే
ఇద్దరు పిల్లల్నీ బడికి నడిపించే పని నాదే.
పై కిటికీలోంచి నిల్సా కేకేసింది:
"ఇంకా నలభై మూడే! కదల్లేదు!"
చెయ్యి ఊపాను. చెప్పాలి.
సాయంత్రం చెబుతాను.
రోడ్డు మూలన ఎర్ర చెయ్యి బొమ్మ వెలిగింది, ఆగాం.
కెజాయా చెయ్యి ఒకవైపు, యాడియెల్ చెయ్యి ఒకవైపు.
వాడి పిడికిలి తడిగా ఉంది.
ఏంట్రా అంటే తెరిచి చూపించాడు:
దోసకాయ ముక్క, నత్త కోసం.
జూన్ దాకా బుధవారాలు
వీళ్లిద్దరివేనట.