పేరు లేని చేప

ధర్మసాగరం చెరువుల
మొగిలి వల గుంజుతుంటే
బరువు చూసి బొచ్చెలనుకున్న.
ఒంటి నిండ చిప్పలు,
వీపు మీద ముండ్లు,
కిందికి తిరిగిన నోరు.
మా నోట్ల దీనికి పేరు లేదు.

వీటి తల్లి హన్మకొండల ఎవరింట్లనో
అద్దాల పెట్టెల పాసి నాకుకుంట బతికిందట.
పెట్టె పట్టనంత పెరిగితే
దయదలిచి నీళ్లల్ల వదిలిండ్రట.

కత్తి దిగదు. కాకి ముట్టదు.
మార్కెట్ల సరోజన తక్కెడ మీదికి రానియ్యదు.
కట్ట పొడుగూత బొక్కలు తవ్వి గుడ్లు పెడుతున్నయి.
పరకలు, జెల్లలు
ఆఖరుసారి ఎప్పుడు పడ్డయో యాదికి లేదు.
వల కండ్లు కుట్టుకుంట
మొగిలి దారం లెక్క చెప్తడు,
చేపల లెక్క చెప్పడు.

పొద్దుగాల కట్ట మీద పారేసినయి
పొద్దుగూకినా నోరు ఆడిస్తున్నయి.
మా పిల్లగాడు దోసిట్ల నీళ్లు తెచ్చి
నా మొకం చూస్తున్నడు.