ఆకు పండే నెల

ఏప్రిల్ మొదటి ఆదివారం
గడియారాలు గంట వెనక్కి తిప్పుకున్నాం.
చేతికొచ్చిన ఆ గంటతో ఏం చేయాలో తెలీక
భానోజీ కట్టెలు కొట్టాడు,
నేను ఉప్మాలో అల్లం ఎక్కువేశాను.

బ్రైట్ ఊళ్ళో మాకిది మూడో ఆకురాలు కాలం.
ఉగాది పచ్చడి తిన్న నోటితోనే
అటక మీది స్వెట్టర్లు దించుకునే ఊరు.
మేదిని నోటుపుస్తకంలో రాసుకుంది:
"కోయిలకి ఇక్కడ సెలవు. కూకబుర్రా డ్యూటీలో ఉంది."

పొద్దున్నే ఓవెన్స్ నది మీద పొగమంచు
పాలు పొంగినట్టు గట్టు దాటుతుంది.
గడువు తీరిన ఏటీఎం కార్డుతో
కారద్దం మీది మంచు గీకి
భానోజీ టవాంగా కనుమ ఎక్కుతాడు,
కొండకు అవతల, నీళ్ళను కరెంటు చేసే పనికి.
నేను మందుల షాపు తాళం తీస్తాను.
ఊరంతా ఒకే దగ్గు,
ఊరంతా ఒకే సిరప్పు.

శనివారం వాండిలిగాంగ్ తోటలో చెస్ట్‌నట్లు ఏరాం.
అచ్చం ఉమ్మెత్త కాయ ముళ్ళు!
రెండు బూట్ల మధ్య నొక్కి
సుతారంగా పగలదీయాలి.
చిన్నోడు సేన తొందరపడి చెయ్యి పెట్టి
బొటనవేలు నోట్లో పెట్టుకుని
ఇంటిదాకా చెట్టుతో పచ్చి కొట్టాడు.

ఆ ముందువారం బఫెలో కొండ.
పైకెళ్తే లోయ లేదు, ఊరు లేదు,
మా కారు కూడా లేదు.
పులిహోర డబ్బా మూత తీస్తే
అదొక్కటే పసుపు.
"ఇంత పెట్రోలు పోసి తెల్లకాగితం చూసొచ్చాం" అన్నాడు భానోజీ.
"మబ్బు లోపల అన్నం తిన్నాం కదా నాన్నా" అంది మేదిని.
ఆయన ఇంకో ముద్ద పెట్టించుకున్నాడు.

కొండ మీది జామాయిల్ చెట్లు
ఈ గొడవలో కలవవు.
ఆకు విడవవు, బెరడు విడుస్తాయి.
మా కొండపి పొలాల గట్ల మీద నేనెరిగిన చెట్టుకు
ఇదీ పుట్టిల్లు.
ఆ సంగతి ఇక్కడికొచ్చాకే తెలిసింది.

మర్టిల్‌ఫర్డ్ రోడ్డు పక్కన
రేకు కప్పిన పొడుగాటి గదులు,
కిటికీల్లేని గదులు.
మొదటిసారి చూసినప్పుడు కారాపమన్నాను.
ఎవరూ చెప్పకుండానే తెలుసు:
పొగాకు బ్యారన్లు.
లోపల పొయ్యి చల్లారి ఇన్నేళ్ళయినా
గోడకు ముక్కు ఆనిస్తే
మా నాన్న చొక్కా.

మా పక్కింటి డొమెనికాది ఆ బ్యారన్లలో ఒకటి.
ఇటలీ నుంచి పదేళ్ళప్పుడు ఓడలో వచ్చిందట.
ఐదు రాత్రులు నిద్ర కాచి మంట చూసేవాళ్ళట.
నేను తల ఊపాను.
ఊపుతూనే ఉన్నాను.

నిన్న సాయంత్రం
పెరట్లో పిల్లలు మేపుల్ ఆకులు గుట్ట పోసి
దూకి, ఆరిపోయి, లోపలికెళ్ళారు.
మెట్టు మీద కూర్చున్నదాన్ని
ఒక కర్ర, ఒక పురికొస దొరికాయి.
అంతే.
ఇటు మూడాకులు, అటు మూడాకులు,
మెలి, బిగువు,
ఇటు మూడు, అటు మూడు.
పదమూడేళ్ళప్పుడు మానేసిన పని.
వేళ్ళు నన్నడగలేదు.

కంచె అవతల నీళ్ళ గొట్టం ఆగింది.
డొమెనికా వచ్చి
ఏమీ అనకుండా కర్ర రెండో కొస పట్టుకుంది.
ఆమె దారం ఎడమ నుంచి విసురుతుంది,
నేను కుడి నుంచి.
మధ్యలో ముడులు కాస్త తగువు పడ్డాయి.

"ఇది దేనికమ్మా?" సేన.
"దేనికీ కాదు."
"మరి అంత జాగ్రత్తగా?"

షెడ్డులో దూలానికి వేలాడదీశాం.
చీకట్లో వచ్చిన భానోజీ తల తగిలించుకుని
విజయనగరం తిట్టు ఒకటి తిట్టాడు.
డొమెనికా వెళ్తూ వెళ్తూ
ఒకాకు వేళ్ళ మధ్య నలిపి చూసి
పెదవి విరిచింది: లో గ్రేడు.

రాత్రి రెండింటికి మెలకువొచ్చింది.
కాయాల్సిన మంటేమీ లేదు.
అయినా శాలువా కప్పుకుని వెళ్ళి
ఒకసారి చూసొచ్చాను.
పక్కింటి వంటగదిలో లైటు.