వీపు వెనక

పద్దెనిమిదేండ్లు
దేశానికి వీపు పెట్టి నిలబడినా.
కాపలా అంటే అదే గదా:
ముందర మంచు, కంచె, కంచె అవతల వాడు.
వెనక్కి తిరిగి చూసే పని లేదనే
నమ్మకానికే నాకు జీతం.

ఇరవై రోజుల సెలవు మీద గుంతకల్లులో దిగినా.
ఉగ్గాని పొట్లం కట్టించుకుంటాంటే
ఆటో వన్నూరప్ప గొంతు తగ్గించి అడిగినాడు:
"ఊళ్లోకి ఏ బాటన పోదాం సారూ?"
మా ఊరికి ఉండేది ఒకే బాట. నవ్వినా.
ఆయప్ప నవ్వలే.

రెండయినాయంట.
పైవీధికో నీళ్ల ట్యాంకరు, కిందివీధికోటి.
పీర్ల చావిడికి తాళం.
ఎవురేసినారంటే వాళ్లు వీళ్లంటారు, వీళ్లు వాళ్లంటారు.
మా యమ్మ చెప్పింది ఇదంతా,
బుడ్డలు ఒలుస్తా, తల ఎత్తకుండా.
ఎక్కడెక్కడి మంటలో ఫోనుల్లో తెచ్చుకోని
పిల్లోళ్లు రాత్రంతా ఊదుతాండారు.
ఢిల్లీలో ఎవురో దగ్గితే
మా సందులో తలుపు పడతాది.

ఆడ నాకు అన్నీ తెలుసు.
ఏ రాయి కింద మందుపాతర ఉండాదో,
కుక్క ఎట్ల అరిస్తే మనిషో, ఎట్ల అరిస్తే గాలో.
ఈడ మా కుక్క మొరగడమే మానేసింది,
ఎవుర్ని చూసి మొరగాలో తెలీక.

రాత్రి రెండుకు మెలకువ. డ్యూటీ మారే టయము.
అలవాటు కొద్దీ వీధిలోకి పోయినా.
జాలికంప అడ్డం. మొగం మీద టార్చి.
"ఎవురది?"

"థమ్, కౌన్ ఆతా హై" అని
ఎన్ని రాత్రులు అరిచినానో.
జవాబు చెప్పే వంతు ఎప్పుడూ రాలే.

"కుళ్లాయప్పని."
"ఏ కుళ్లాయప్ప? పైవీధా, కిందివీధా?"

రెండు వీధులూ ఒకే గుండం తొక్కిన యేడు
మా తాత పెట్టిన పేరు ఇది.
గొంతు గుర్తుపట్టినా. మా అక్క కొడుకు.
సైకిలు నేర్పింది నేనే.

తెల్లారి మిద్దె ఎక్కినా.
పిట్టగోడ పొడుగునా రాళ్లు,
చిన్నవి ఒక దిక్కు, పెద్దవి ఒక దిక్కు.
ఎంతమందికి నేర్పినానో గానీ
మా తమ్మునంత బాగా పేర్చినోణ్ణి చూళ్లే.
"అవసరానికి ఉంటాయిలేన్నా" అన్నాడు.
మాకూ అదే చెప్తారు, ప్రతి యేడూ.

మూడు రాళ్లు దించి వాకిట్లో పొయ్యి పెట్టినా.
అమ్మ సంగటికి ఎసరు పెట్టింది.
పొయ్యికి మూడే చాలు.
మిగిలినవి ఎంచినా. నూటా డెబ్బై.
వాట్ని ఏం జేయాలో
నా ట్రైనింగులో చెప్పలే.