చినుగు

నగరిలో మగ్గాలు ఆగినాక
మేడ మీది గదిలో సినిమా పెట్టినాను.
హీరో తల ఒకచోట,
మెడ జానెడు పక్కన,
నడుమ అడ్డంగా చినుగు.

కేబుల్ మార్చినాను, డ్రైవర్ మార్చినాను,
రెండు రాత్రులు సెట్టింగుల్లో దేవులాడినాను.

కింది పవర్‌లూమ్ జాబర్ మునికన్నయ్య
నూనె చేతులు లుంగీకి తుడుచుకుంటా
గడపలోనే నిలబడి చూసినాడు.
"చినుగు కాదబ్బా అది.
పాత పోగును అచ్చు కొట్టకముందే
కొత్త పోగు తోసేస్తా ఉండాది నీ పెట్టె."

వి-సింక్ గడిలో టిక్కు పెట్టినాను.
అరవైని ఇరవై నాలుక్కు దించినాను.
తల వచ్చి మెడ మీద కూచుంది.

ఆయన చూపు హీరో మీద లేదు,
వెనకాల దండెం మీది చీర అంచు మీదుంది.
"మన నేత కాదులే" అని
మెట్లు దిగిపోయినాడు.

మాట మాత్రం ఇంకా
పెదవి కదిలినాకే వస్తా ఉంది.
దాన్ని రేపు చూడాల.