సలుపుడుకు ఇంగ్లీషు ఏంది సారూ

నక్కలగుట్టల జిరాక్స్ షాపు మీద రేకుల గది.
'ముప్పై దినాలల్ల ఇంగ్లీషు'
బోర్డు నేనే రాయించిన,
ముప్పై దినాలల్ల రాదని నాకెర్కే.

నాకు మాత్రం ఎట్లొచ్చింది?
కాజీపేట ప్లాట్‌ఫారం మీద
పల్లీలమ్మే మా చిన్నాయిన పక్కన కూసోని
మైకుల ఆడామె ఎంబడి గొంతు కలిపి
లేటైన రైళ్ల ఇంగ్లీషు నేర్సుకున్న.
ఇప్పటికీ నేను సారీ అంటే
గోల్కొండ రెండు గంటలు ఆలస్యమైనట్టే ఉంటదని
మా పోరగాండ్లు నవ్వుతరు.

మొన్న సాయంత్రం బ్యాచిల
జాటోతు ఘమ్లి వచ్చి కూసున్నది.
ఎంజీఎంల ఆయా. నలభై ఎనిమిదేండ్లు.
కొంగుకు ఫినాయిల్ వాసన.
ఫారంల 'తెలిసిన భాషలు' కాడ
అడ్డం గీత గీసిచ్చింది.
ఒక్కటి గూడ రాదా అక్కా అంటే
"వస్తే ఈడికెందుకొస్త సారూ" అన్నది.

ఇంట్ల గోర్‌బోలి.
వార్డుల తెలుగు.
మండిబజారు నుంచొచ్చే బూబమ్మలతోటి ఉర్దూ.
తాడ్వాయి దిక్కు నుంచి మంచాల మీద మోస్కొచ్చే
కోయోల్ల మాట
సగం చెవులతోటి, సగం కండ్లతోటి.
గివన్నీ ఆమె లెక్కల
చేతులు కడుక్కునుడసొంటియి,
వచ్చుడేంది, రాకపోవుడేంది.

ఇంగ్లీషు గూడ ఉన్నది ఆమె కాడ.
సిలైను, స్ట్రెచరు, బీపీ, డిశ్చార్జి.
సచ్చిపోయిండని
ఇరవై ఏండ్లల ఒక్కనాడు అనలేదట.
ఎక్స్‌పైర్ అయిండు అంటదట.
"గట్లంటే ఏడుపు జరంత ఆగి వస్తది సారూ."

ఆ పొద్దు పాఠం శరీరం.
నొప్పంటే పెయిన్ అన్న.
చెయ్యి లేపింది.
"సలుపుడుకు?"
పెయిన్.
"గుంజుడుకు?"
పెయినే.
"పోటుకు? తీపులకు?
సురుకు సురుకుమంటే?
బొక్కలల్ల జివ్వుమంటే?
కడుపుల చెయ్యి పెట్టి తడిబట్ట పిండినట్టైతే?"
డిక్షనరీ తీసిన.
త్రాబింగ్ అన్న, బర్నింగ్ అన్న,
దొరికినకాడికి చెప్పిన,
ఆమె అడిగినకాడికి చాల్లె.

"ఒక రాత్రి ముసలాయిన, కోయాయిన.
పేగులకు తాడు గట్టి ఎవలో ఎనుకకు గుంజుతున్నరన్నడు.
నేను సిస్టరుకు చెప్పిన.
సిస్టరు డాక్టరుకు చెప్పింది,
ఆ పిలగానిది పంజాబు దిక్కు, తెలుగు రాదు.
ఆయన రాసిండు.
చూసిన, నాలుగే అక్షరాలు.
తాడు ఏడ పోయింది సారూ?
నా కాడ పడిపోయిందా, సిస్టరు కాడనా?"

ముసలాయిన ఏమైండని నేను అడగలె.
ఆమె ఏ మాట వాడ్తదో నాకెర్కే.

ఆమె చెప్పినయన్నీ చెప్పినట్టే
బోర్డు మీద రాసిన, తెలుగుల.
చేతికందిన మార్కరు కింది జిరాక్సోల్లది,
పర్మనెంటు.
తెల్లారి స్పిరిటు పెట్టి తుడిసినా పోలె.
పొద్దటి బ్యాచి బీటెక్ పోరగాండ్లు,
ఇంటర్వ్యూలకు టైలు గట్టుకునుడు నేర్సుకుంటున్నోల్లు,
గివి గూడ సిలబస్సా సార్ అని నవ్విండ్రు.
ఎనుక బెంచిల పరకాల పిలగాడు నవ్వలె.
లేసొచ్చి, 'సురుకు సురుకు' కాడ వేలు పెట్టి
"మా అమ్మకు గిదే సార్" అన్నడు.
"ఎనుమాముల కోల్డ్ స్టోరేజీల
మిర్చి తొడిమెలు తీసి తీసి, చేతులు.
డాక్టరు అడిగితే నేను
ఉత్త నొప్పి అని చెప్పిన."

సెల్ఫ్ ఇంట్రడక్షన్ ఆడికే ఆగింది ఆ పొద్దు.

ఘమ్లికి ముప్పై దినాలు అయిపోయినయి.
నికరంగ వచ్చింది ఒక్కటే వాక్యం,
అదే కావాలని అడిగి నేర్సుకున్నది.
డాక్టర్, ప్లీజ్ వెయిట్,
హీ ఈజ్ స్టిల్ టెల్లింగ్.
వార్డుల అది ఎట్లంటదో వినలె గని
నా ముందు అప్పజెప్పినప్పుడు మాత్రం
అచ్చం నా లెక్కనే,
కాజీపేట మైకు లెక్కనే
సాగదీసి, నిమ్మళంగ,
రైలును ఆపేటట్టు అన్నది.