బోర్లించి కాల్చిన కుండ

మన్ననూరు చెక్‌పోస్టు దాటినంక
బస్సు రెండో గేరుల మూలుగుతున్నది.
నా ఒళ్లె చేతిరుమాలు,
చేతిరుమాల్ల ఒక పెంకు.

కాలువ తవ్వుతుంటే
రాకాసి గుండ్ల కింద దొరికింది.
టిప్పర్ డ్రైవర్ ఖాజా తెచ్చి
కాలేజీల నా బల్ల మీద పెట్టి
"సార్, చరిత్ర" అన్నడు,
చాయ్ పైసలు తీసుకున్నడు.
లోపల నలుపు, బయట ఎరుపు.
రెండువేల ఏండ్లో, మూడువేలో.
గెస్టు లెక్చరర్‌ను, పీరియడ్‌కు ఇంతని నా లెక్క.
వేల ఏండ్ల లెక్క ఎవర్నడగాలె?

మూకుళ్లపెంటల దిగితే చలి.
అచ్చంపేటల ఎండ, ఇక్కడ మోకాళ్లదాకా మబ్బు.
బురదకు మొరం దొరకక
దారి పొడుగూతా పగిలినవే పరిచిన్రు:
అంచులు, మెడలు, అడుగులు.
నా చెప్పుల కింద ఊరు కటకటమన్నది.
పోరగాండ్లు పెంకులతోని బిళ్లాట ఆడుతున్నరు.
చేతిరుమాల్ల నా పెంకు
జరంత చిన్నబోయినట్టనిపించింది.

ఈ ఊర్ల సారె మగోళ్లది.
మూతి తిప్పి, మెడ దించి, అడుగు లేకుండనే
ఆడోళ్లకు అప్పజెప్తరు.
ఈదమ్మ దాన్ని ఒళ్లె పెట్టుకొని
లోపల రాతిగుండు, బయట చెక్క,
టప్‌టప్ టప్‌టప్
కుండకు కడుపు పెంచుతున్నది.

పెంకు ఇచ్చిన.
అద్దాలు లేవు ఆమెకు, నాలిక తగిలించింది.
"అమ్మా" అనేలోపే గోటితోని మీటి
చెవు దగ్గర పెట్టుకున్నది.
"మంచిగ కాలింది."
నిన్న దించిన ఆము గురించి చెప్పినట్టు.
"బోర్లిచ్చి కాల్చిన్రు. మూతి ఊకల పూడ్చిన్రు.
లోపలికి గాలి పోలే, పొగ తిరిగింది, నల్లగైంది.
బయట మంట నాకింది, ఎర్రగైంది.
ఎవలో గని, తొందర లేని మనిషి."

ఆ ఆఖరి మాట నా నోట్సుల లేదు.

"ఏ ఊరోళ్లు?"
తెల్వదన్న.
"ఏమి పేరు?"
అదీ తెల్వదు.
"పెండ్లికి చేసిన్రా, పీనుగకు చేసిన్రా?"
పీనుగకే, బొందల దొరికిందన్న.
చెక్క ఆగింది.
"మన్నుల పూడ్చేదానికి గూడ
ఇంత నునుపు పెట్టిన్రు సూడు" అని
లింగమయ్య దిక్కు తిరిగింది, ఎత్తిపొడిచినట్టు.
మన్ను తొక్కుతున్న లింగమయ్య
ఇనపడనట్టు తొక్కుతనే ఉన్నడు.

ఆయన పక్కకు రోలు, రోట్ల పాత పెంకుల పొడి.
"కొత్త మన్ను మంటకు బెదురుతది సారూ,
పాతది ఇంత కలుపుతే నిలబడుతది.
అది ఒకసారి కాలొచ్చింది గద."
మల్ల నా పెంకును చూసింది.
"దీన్నేం జేస్తవు?"
అద్దాల బీరువాల పెడ్తరు.
"నీళ్లు పోస్తరా అండ్ల?"

చరిత్ర చెప్పెటోన్ని.
నేనే విరిచిన.
గోరంత మూల.
టక్కుమన్నది, అంతే.
ఈదమ్మ దాన్ని రోట్లేసింది,
చేతులు దులుపుకున్నది,
చాయ్ తాగుతవా అన్నది.

మిగిలింది పాలమూరుల ఆఫీసుల ఇచ్చిన.
మూల విరిగిందని రాసుకుంట గుమాస్తా
"ఎప్పటిది సార్ ఈ విరుపు?" అన్నడు.
పాతదే అన్న.

ఆ మన్నుకు ముప్పై ఆరు కుండలైనయట.
రెండు ఆముల్నే పగిలి దారిల పడ్డయి.
కొన్ని కొల్లాపూరు అంగడికి, కొన్ని దేవరకొండకు,
ఒకటి ఎవరిదో పెండ్లి పందిట్లెకు.
లింగమయ్య లెక్క అంతే చెప్పిండు.

ఈ ఎండాకాలం ఎవరింటికి పోయినా
నీళ్లడుగుతున్న, దప్పిక లేకున్నా.
ముంచుకునే ముందల
కుండను గోటితోని మీటుతున్న.
మొన్న వంగూరుల ఒకామె
కొంగు నోట్ల పెట్టుకొని నవ్వింది:
"ఓటిది గాదు సారూ, తాగుండ్రి."