వంగితే ఎంత

రోహిణి కార్తెలో ఊలు ముట్టుకుంటే
అరచేతికి జిల పుడుతుంది.
బిట్రగుంట స్టేషన్ మీద ఎండ
పట్టాల్ని వంకర తిప్పేట్టు కాస్తా ఉంటే
పెంచల రమణమ్మ నా వరండాలో నిలబడి
స్వెట్టర్ కావాలంటోంది.

పక్కింటి కరుణమ్మ గోడ మీంచి నవ్వింది.
"ఏం మే, ఊటీకి పోతా ఉండావా?"
"ఊటీకి కాదక్కా, రొయ్యల కంపెనీకి.
నన్ను కోల్డ్ రూములో ఏశారు. మైనస్ పద్దెనిమిది."
మైనస్ అనే మాటని
పక్క ఊరి పేరులాగా అంది.

నా టేపు పాతది.
మొదటి అంగుళం ఎప్పుడో చీకిపోయింది.
రెండు దగ్గర మొదలుపెట్టి
చివర్లో ఒకటి తీసేస్తాను.
లోకో షెడ్డు మూతపడ్డాక
నాలుగో నంబరు క్వార్టర్స్ డోరిన్ ఆంటీ
కుర్చీలూ మంచాలూ అమ్ముకుని పోతా పోతా
ఊరికే ఇచ్చిన టేపు.
"కొలిచేటప్పుడు మాట్లాడించు" అనేది,
"మాట్లాడే మనిషి ఊపిరి బిగబట్టదు."

అందుకని అడుగుతాను.
బస్సు ఎన్నింటికి?
నాలుగింటికక్కా, కోడి కూడా లేవదు.
ఛాతీ ముప్పై నాలుగు.
కోటు ఇవ్వరా?
ఇస్తారు. ముందు షిఫ్టోళ్లు విప్పింది,
చంకల్లో తడి ఆరకుండానే.
అందరికీ ఒకటే సైజు, నాకు మోకాళ్ల దాకా.
నడుము ముప్పై ఒకటి.
పొట్ట లోపలికి లాక్కుంది, కనిపెట్టాను.
వదులు మే, ఇక్కడెవరూ ఫోటో తీయడం లేదు.
నవ్వింది. ముప్పై మూడు.
నవ్విన అంకెనే రాసుకున్నాను.

చేతులు రెండూ కొలుస్తాను.
ఒకటి కొలిచి రెండోదీ అంతేలే అనుకోవడం
రెడీమేడ్ షాపుల అలవాటు.
కుడి భుజం అరంగుళం కిందికి దిగింది.
వేళ్ల కొసలు
బియ్యం కడిగిన నీళ్ల రంగులో ఉన్నాయి.
"మణికట్టు కాడ బిగువుగా పెట్టక్కా,
చలి అక్కడే దూరుతుంది."
ఆరున్నర.

వీపు. మెడ ఎముక నుంచి నడుం దాకా పదిహేను.
అయిపోయింది.
పెన్సిల్ చెవి మీద పెట్టి టేపు చుడతా ఉన్నాను.
చెప్పులు తొడుక్కోడానికి ఆమె వంగింది.
జాకెట్టు పైకి లేచి
జానెడు వీపు బయటపడింది.

ఆగు, అన్నాను.
పనిలో ఎట్టుంటావో అట్టుండు.

మూలనున్న బియ్యం బస్తా మీదికి వంగి
లేని అట్టపెట్టెల్లో లేని దిమ్మెలు సర్దింది.
కుడి చెయ్యి, ఎడమ చెయ్యి, కుడి.
చాల్లే అన్నాక కూడా ఆ చేతులు
ఇంకో పెట్టె నింపాకే ఆగాయి.

పద్దెనిమిదిన్నర.

పదిహేను కొట్టేశాను.
ముప్పై ఏళ్లుగా నేను అల్లినవన్నీ
వంగే పని లేని స్వెట్టర్లు.
డోరిన్ ఆంటీ నేర్పింది
రైల్వే ఇన్‌స్టిట్యూట్‌లో
నిటారుగా నిలబడి డాన్సాడేవాళ్ల కొలత.
అది తప్పు కాదు. వాళ్ల వీపులవి.

రంగేదైనా పర్లేదక్కా, కోటు కిందే గదా, అంది.
గేటు దాకా పోయి వెనక్కొచ్చి
"పసుప్పచ్చ దొరుకుతుందా?" అంది.
నెల్లూరు ట్రంకు రోడ్డులో నాలుగు షాపులు తిరిగాను.
దొరికినవాడు దుమ్ము దులిపి
"మేడమ్, ఎవరికైనా జొరమా?" అన్నాడు.

ఫ్యాను కింద, మెడ మీద తడి టవలుతో
అల్లుతా ఉన్నాను.
ముందు భాగం పొట్టి, వెనక పొడుగు.
చూసినవాళ్లు పొరపాటనుకుంటారు.
చెమటకి సూదులు జారిపోతున్నాయి,
ఒక వరస తప్పి రెండుసార్లు విప్పాను.

తెల్లారుజామున రోడ్డు మీద హారన్.
లైటేసి, వీపు మీద టేపు పెట్టి చూశాను.
పదకొండు. ఇంకా ఏడున్నర ఉంది,
చీకిపోయిన అంగుళం తీసేసే చెప్తున్నా.